ప్రచురణ చట్టం, ఇంగ్లిష్ భాషా చరిత్ర: ఒడిశా సరిహద్దు తెలుగు రచయితకు ఈ పాఠ్యపుస్తకాలు ఎందుకు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో తెలుగులో రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పుస్తకం వేయాలంటే మాత్రం చాలామందిది ఒకటే దారి. సొంత డబ్బు పెట్టుకుంటారు. డీటీపీకి, ప్రింటింగ్‌కి శ్రీకాకుళమో విశాఖపట్నమో విజయవాడో పంపుతారు. మూడు వందలో ఐదు వందలో కాపీలు వస్తాయి. ఆవిష్కరణ సభలో కొన్ని, చుట్టాలకూ స్నేహితులకూ కొన్ని పోగా మిగిలినవి అటకెక్కుతాయి. ఈ వ్యవహారం మొత్తంలో సంతకం పెట్టిన కాగితం ఒక్కటీ ఉండదు. ఎప్పుడైనా ఒక ప్రచురణ సంస్థ తానే ముందుకొచ్చి పుస్తకం వేస్తానంటే అప్పుడు కాగితం వస్తుంది. అది ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో, నాలుగైదు పేజీలు ఉంటుంది. చూపించిన చోట సంతకం పెట్టి పంపించేస్తారు.

ఆ కాగితాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే పాఠ్యపుస్తకాలు రెండు రకాలు. ఒకటి ప్రచురణ చట్టం మీద రాసినవి. కాపీరైట్, రచయిత ఒప్పందాలు, అనుమతులు, పరువు నష్టం లాంటివి అందులో ఉంటాయి. రెండోది ఇంగ్లిష్ భాషా చరిత్ర. మొదటిది లా చదివేవాళ్ల దగ్గర ఉంటుంది, రెండోది ఎం.ఏ. ఇంగ్లిష్ వాళ్ల దగ్గర ఉంటుంది. ఇద్దరికీ అది పరీక్ష పుస్తకమే. పరీక్ష అయిపోగానే సెకండ్ హ్యాండ్ షాపుకు పోతుంది. నిజానికి ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టుకుని చదవాల్సిన అవసరం అందరికంటే ఎక్కువగా సరిహద్దు జిల్లాల తెలుగు రచయితకే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలోనూ ఆఫీసులోనూ ఒడియా, చట్టంలోనూ ఒప్పందంలోనూ ఇంగ్లిష్. ఇలా మూడు భాషల మధ్య బతికే మనిషికి హక్కు చేజారేది ఎక్కువగా ఆ మూడో భాష దగ్గరే.

చూడ్డానికి సంబంధం లేని విషయాల్లా ఉన్నా, ఈ రెండు పుస్తకాలూ ఒక చోట కలుస్తాయి. అది అచ్చుయంత్రం దగ్గర. విలియం కాక్స్టన్ 1476లో లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్ పెట్టాడు. అప్పటికి ఇంగ్లిష్ ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉండేది. ఏ రూపంలో అచ్చు వేస్తే అందరికీ అర్థమవుతుందన్నది ఆయనకు పెద్ద చిక్కు అయింది. చివరికి లండన్ ప్రాంతపు రూపమే అచ్చులో నిలబడింది. అదే అచ్చుతో ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఒకరు వేసిన పుస్తకాన్ని పక్కవాడు కూడా వేసి అమ్ముకుంటే ఎలా? 1557లో స్టేషనర్స్ కంపెనీకి రాజశాసనం దొరికింది. పుస్తకం మీద హక్కు ఆ సంఘంలోని ముద్రాపకులది, పుస్తక వ్యాపారులది. రచయితకు అందులో చోటు లేదు. ఈ పద్ధతిని నిలబెట్టిన లైసెన్సింగ్ చట్టం 1695లో గడువు తీరి ఆగిపోయింది. 1710లో అమల్లోకి వచ్చిన ఆన్ రాణి చట్టం మొదటిసారి రచయితను హక్కుదారుగా గుర్తించింది. కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, అప్పటికీ రచయిత బతికుంటే మరో 14 ఏళ్లు. ఆ హక్కు శాశ్వతం కాదని 1774లో డొనాల్డ్‌సన్ కేసులో బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభ తేల్చింది. అక్కణ్నుంచి 1911 బ్రిటిష్ చట్టం వచ్చింది, దాని మీద ఆధారపడి మన దేశంలో 1914 చట్టం వచ్చింది. ఆ తర్వాత 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉన్న మన 1957 కాపీరైట్ చట్టం.

అచ్చు వచ్చాక రచయితకు హక్కు రావడానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టిందన్న మాట. ఇది తెలిసినవాళ్లకు ప్రచురణకర్త పంపే ఒప్పందం మార్చడానికి వీల్లేని శాసనంలా కనిపించదు. అది రెండు పక్షాల బేరమని, అందులో తన వాక్యం కూడా రాయించుకోవచ్చని తెలుస్తుంది. పాఠ్యపుస్తకం ఇచ్చే ధైర్యం ఇలాంటిదే, ఇది చిన్న విషయం కాదు.

ఇక మన చట్టంలో రచయితకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేవి 18, 19 సెక్షన్లు. కాపీరైట్‌ను ఇంకొకరికి రాసివ్వడం నోటిమాటతో చెల్లదు. కాగితం ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. ఏ రచన, ఏ ఏ హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లనే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, ఆ మేరకు అది రద్దయిపోతుంది. రాసే నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, పేరు పెట్టి చెబితే తప్ప, ఆ ఒప్పందం వర్తించదని 2012 సవరణ చేర్చింది. రేపు పుస్తకం ఏ కొత్త రూపంలో వచ్చినా రచయితకు మళ్లీ మాట్లాడే వీలు ఉండాలన్నది దాని ఉద్దేశం.

రిజిస్టర్ చేయించలేదు కాబట్టి హక్కు లేదేమో అన్న భయం చాలామందిలో కనిపిస్తుంది. అది అనవసరమైన భయం. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. పత్రికకు బయటి నుంచి వ్యాసాలు రాసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పత్రికలో ఉద్యోగం చేస్తూ రాసినదాని విషయంలో యజమానికి 17వ సెక్షన్ కింద కొంత హక్కు ఉంటుంది. ఉద్యోగి కాని కంట్రిబ్యూటర్ రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, కంట్రిబ్యూటర్‌దే. కవితా సంకలనాల సంగతీ అంతే. యాభై మంది కవుల దగ్గర వాట్సాప్‌లో కవితలు తీసుకుని పుస్తకం వేస్తే, ఎంపికకూ కూర్పుకూ సంపాదకుడికి హక్కు ఉండవచ్చు కానీ ఒక్కో కవిత ఒక్కో కవిదే. రెండో ముద్రణ వేసేటప్పుడో, ఈ-బుక్ పెట్టేటప్పుడో గొడవలు వచ్చేది ఇక్కడే. మొదట్లోనే ఒక్కొక్కరి దగ్గర అర పేజీ ఉత్తరం తీసుకుంటే సరిపోయే పని.

సరిహద్దు జిల్లాలకు అసలైన పంట పండే చోటు మాత్రం అనువాదం. బరంపురంలోనో రాయగడలోనో పెరిగిన తెలుగు మనిషికి ఒడియా చదవడం, రాయడం సహజంగా వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో ఎంత పెద్ద అనువాదకుడికైనా ఈ సౌకర్యం అంత తేలిగ్గా దొరకదు. కానీ అనువాద హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే. ఎవరిది అనుమతి లేకుండా అనువదించవచ్చు, ఎవరిది కూడదు అన్నది తెలియక చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఎవరినీ అడక్కుండా అచ్చు వేసేస్తారు, లేదంటే భయపడి అందరికీ ఉమ్మడి ఆస్తి అయిపోయినదాన్ని కూడా వదిలేస్తారు.

లెక్క కష్టమేమీ కాదు. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఒడియా నవలా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి 1918లో చనిపోయారు. ఆయన జీవితకాలంలో అచ్చయినవాటిని ఎవరైనా, ఎవరినీ అడక్కుండా తెలుగు చేయవచ్చు. కోరాపుట్ కొండల జీవితాన్ని నవలలుగా రాసిన గోపీనాథ్ మహంతి 1991లో చనిపోయారు. ఆయన రచనల మీద హక్కు 2051 డిసెంబర్ 31 దాకా వారసులదో, వాళ్ల దగ్గర హక్కు తీసుకున్నవాళ్లదో. రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సిందే. మహారాష్ట్ర వైపు దెగ్లూర్, కిన్వట్, సిరొంచ లాంటి చోట్ల మరాఠీ నుంచి తెలుగు చేసేవాళ్లకు కూడా ఇదే లెక్క. 1950లో చనిపోయిన సానే గురూజీ రచనలు 2011 నుంచి అందరివీ. 2000లో చనిపోయిన పు. ల. దేశ్‌పాండేవి 2060 చివరిదాకా కావు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫకీర్ మోహన్ నవల ఒడియా మూలం అందరిదీ అయినా, దానికి ఇటీవల వచ్చిన ఇంగ్లిష్ అనువాదం ఆ అనువాదకులది. ఒడియా పుస్తకం ముందు పెట్టుకుని తెలుగు చేస్తే ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్ అనువాదం ముందు పెట్టుకుని తెలుగు చేస్తే ఆ అనువాదకుల అనుమతి కావాలి. తెలుగులో ఇతర భాషల పుస్తకాలు ఎన్నో ఇంగ్లిష్ మీదుగా వచ్చాయి. సరిహద్దు వాళ్లకు ఆ చుట్టుదారి అక్కర్లేదు. వాళ్లకున్న ఒడియా జ్ఞానం చట్టం దృష్టిలో కూడా ఒక ఆస్తి అన్న సంగతి ఈ పాఠం చదివితేనే బోధపడుతుంది.

60 ఏళ్ల లెక్క వెనక కూడా చరిత్ర ఉంది. మొదట అది 50 ఏళ్లే. 1941లో చనిపోయిన రవీంద్రనాథ్ టాగోర్ హక్కులు 1991 చివరికి ముగియాల్సి ఉండగా, ఆ డిసెంబర్‌లోనే ఆర్డినెన్స్ వచ్చింది. 1992 సవరణతో గడువు 60 అయింది. అప్పటికే ముగిసిపోయిన హక్కులు మళ్లీ బతకలేదు. 1940 జనవరిలో చనిపోయిన గిడుగు వెంకట రామమూర్తి గారి విషయంలో 50 ఏళ్లు 1990 చివరికే పూర్తయ్యాయి. ఒక్క ఏడాది తేడాతో గిడుగు రచనలు 1991 జనవరి నుంచే అందరివీ అయ్యాయి, టాగోర్‌వి 2002 దాకా ఆగాయి. గిడుగు పుస్తకాలను మళ్లీ అచ్చు వేయాలనుకునే పర్లాకిమిడి వాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు. పాత పాఠం అందరిదీ అయినా, ఎవరైనా దానికి కొత్తగా రాసిన పీఠిక, వ్యాఖ్య మాత్రం వాళ్లవే. వాటిని ఎత్తి వేసుకోకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రచురణ చట్టం మీద దొరికే మంచి పాఠ్యపుస్తకాల్లో బ్రిటిష్ వాళ్లు రాసినవి ఉన్నాయి. ఒప్పందంలో ఒక్కో నిబంధన ఎందుకు పెడతారు, దాన్ని ఎలా మార్చుకోవచ్చు అన్నది వాటిలో చక్కగా ఉంటుంది. చట్టం ప్రతి ఒక్కటే చదివితే ఆ వ్యవహార జ్ఞానం రాదు. అయితే ఆ పుస్తకంలో ఉన్న నియమం మన నియమం కాదు. అక్కడ గడువు రచయిత మరణం తర్వాత 70 ఏళ్లు. అక్కడ 1988 చట్టం ప్రకారం, రచయితగా తన పేరు ఉండాలన్న హక్కును ప్రత్యేకంగా ప్రకటించుకోవాలి. అందుకే వాళ్ల కాపీరైట్ పేజీలో అలా ప్రకటించే వాక్యం ఉంటుంది. మన 57వ సెక్షన్ రచయితకు పేరు హక్కునూ, తన పరువు పోయేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కునూ ఆ షరతు లేకుండానే ఇచ్చింది. హక్కులన్నీ అమ్మేసినా ఇది రచయితతోనే ఉంటుంది. ఆ ఇంగ్లిష్ వాక్యాన్ని అలాగే దించుకుని మన పుస్తకాల్లో వేయడంలో అర్థం లేదు.

పరువు నష్టం విషయంలో తేడా ఇంకా పెద్దది, ప్రమాదకరమైనది కూడా. ఇంగ్లండ్‌లో క్రిమినల్ పరువు నష్టం నేరాన్ని 2009 చట్టంతో తీసేశారు. ఆ పుస్తకం చదివితే పోతే డబ్బే పోతుందనిపిస్తుంది. మన దగ్గర అది నేరం కూడా. 2016లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా సాధారణ జైలు శిక్ష పడవచ్చు. ఊళ్లో బతికున్న మనుషుల మీద ఆత్మకథలు, వ్యంగ్య రచనలు రాసేవాళ్లు ఈ తేడా తెలుసుకోకపోతే చాలా టెన్షన్ పడాల్సి వస్తుంది. ఫొటోకాపీల విషయంలో మాత్రం మన చట్టం విద్యార్థికి దగ్గరగా ఉంది. పాఠం కోసం అవసరమైన మేరకు చేసే జిరాక్స్ ఉల్లంఘన కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు ఒక పెద్ద కేసులో చెప్పింది. పుస్తకం మొత్తాన్ని దొంగ ముద్రణ వేసి అమ్ముకోవడానికి అది లైసెన్స్ కాదు.

భాషా చరిత్ర పుస్తకం దగ్గరికి వస్తే, ఒప్పందం చదివే పనిలో దాని సాయం ఊహించని చోట దొరుకుతుంది. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక పాలకుల భాష ఫ్రెంచ్ అయింది, రికార్డు భాష లాటిన్. జనం మాత్రం ఇంగ్లిష్ మాట్లాడుతూనే ఉన్నారు. కోర్టులో వాదన ఇంగ్లిష్‌లో జరగాలని 1362లో చట్టం చేశారు, కానీ కోర్టు కాగితాల నుంచి లాటిన్, ఫ్రెంచ్ పూర్తిగా పోవడానికి 1733 దాకా పట్టింది. ఆ కలగాపులగంలో లాయర్లు ఒకే సంగతికి రెండు భాషల మాటలు పక్కపక్కన రాయడం అలవాటు చేసుకున్నారు. విల్ అండ్ టెస్టమెంట్ (వీలునామా), గూడ్స్ అండ్ చాటెల్స్ (చరాస్తులు) లాంటివి అలా వచ్చినవే. చరిత్ర తెలిసిన పాఠకుడు ఇలాంటి జంటలు చూసి బెదిరిపోడు.

కానీ అన్ని జంటలూ ఇలాంటివి కావు. అసైన్, లైసెన్స్ అన్న రెండు మాటలు ఒకే వాక్యంలో వస్తే అవి ఒకటే అనుకోకూడదు. మొదటిది ఇల్లు అమ్మడం లాంటిది, రెండోది అద్దెకివ్వడం లాంటిది. ఏ జంట ఉత్త అలవాటో భాషా చరిత్ర చెబుతుంది, ఏ జంటలో ఆస్తి చేతులు మారుతుందో చట్టం పుస్తకం చెబుతుంది. రెండూ కావాలనడానికి ఇదే గట్టి కారణం.

భాషా చరిత్ర నేర్పే ఇంకో పాఠం ఒప్పందాలకు సంబంధించింది కాదు, రాసే మనిషికి సంబంధించింది. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తర్వాత బడి మారింది, ఆఫీసు భాష మారింది. ఇప్పుడు అక్కడి తెలుగులో ఒడియా మాటలు ధారాళంగా కలిసిపోతాయి. అందుకని తమ తెలుగు చెడిపోయిన తెలుగు అన్న బెరుకు అక్కడి యువ రచయితల్లో ఉంటుంది. కోస్తా పత్రికకు పంపేముందు తమ మాటలు తీసేసి, పుస్తకాల మాటలు పెడతారు. ఇంగ్లిష్ చరిత్ర చదివితే ఈ బెరుకు పోతుంది. తొమ్మిదో శతాబ్దం నుంచి ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ వాళ్లతో కలిసి బతికారు. దే, దెమ్, దెయిర్ లాంటి సర్వనామాలు కూడా ఆ పొరుగువాళ్ల నుంచే వచ్చాయి. ఒక భాష సర్వనామాలను అరువు తెచ్చుకోవడం చాలా అరుదు. దానివల్ల ఇంగ్లిష్ చచ్చిపోలేదు.

ఈ సంగతి పర్లాకిమిడికి కొత్త కాదు. అక్కడి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పిన గిడుగు, జనం నోట్లో ఉన్న తెలుగే రాతలోకి రావాలని వాదించారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం అచ్చు వేయించారు. ఏ భాషనూ తక్కువగా చూడని ఆ చూపు భాషా శాస్త్రం చదివినవాళ్లకు వచ్చే చూపు. మూడు భాషల సరిహద్దులో కూర్చుని పనిచేయడం కూడా దానికి తోడయింది.

అయితే ఈ పోలికలో తేలిక ఓదార్పు వెతుక్కోకూడదు. ఇంగ్లిష్ తిరిగి లేచిందంటే వెనక రాజ్యం ఉంది, తర్వాత అచ్చు ఉంది. మూడు శతాబ్దాల పాటు అది రాతలో వెనకబడిన కాలంలో పాత సాహిత్య రూపాన్ని పోగొట్టుకుంది కూడా. సరిహద్దు తెలుగుకు రాజ్యం అండ లేదు. ఇంట్లో మాట్లాడితే మాట బతుకుతుంది, కానీ పిల్లలకు లిపి రాకపోతే రాత ఒక్క తరంలో పోతుంది. చరిత్ర పుస్తకం ఈ నిజాన్ని కూడా దాచదు.

అందుకే అచ్చయిన ప్రతి పుస్తకమూ ఎక్కడో ఒక చోట భద్రంగా ఉండాలి. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం, దేశంలో ఏ భాషలో పుస్తకం వేసినా 30 రోజుల్లోపు ప్రచురించినవాళ్లు తమ ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాతో పాటు ముంబై, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకు కాపీలు పంపాలి. రచయితే ప్రచురణకర్త అయినప్పుడు ఆ బాధ్యత రచయితదే. బరంపురంలో వేసిన తెలుగు పుస్తకాన్ని ఏ రాష్ట్రమూ తన లెక్కలో వేసుకోకపోయినా, నాలుగు కాపీలు నాలుగు నగరాల్లో ఉంటాయి. ఐఎస్‌బీఎన్ కూడా మన దేశంలో ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. ఈ రెండు పనులూ చేసే సొంత ప్రచురణలు మన దగ్గర ఇంకా చాలా పెరగాలి.

అచ్చు కాకుండా మిగిలిపోయిన రాతప్రతుల సంగతి ఇంతకంటే తొందరగా ఆలోచించాల్సింది. పెద్దవాళ్లు రాసుకున్న నోటు పుస్తకాలు సరిహద్దు ఊళ్లలో ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. పిల్లలు భువనేశ్వర్‌లోనో బెంగళూరులోనో స్థిరపడ్డారు, కొందరికి తెలుగు చదవడం రాదు. దీనికి కాపీరైట్ చట్టం 20వ సెక్షన్‌లో దారి ఉంది. అచ్చు కాని రాతప్రతిని వీలునామాలో ఒకరి పేరు మీద రాసిస్తే, వేరేగా రాసి ఉంటే తప్ప, దాని కాపీరైట్ కూడా వాళ్లకే చేరుతుంది. అంటే ఆ నోటు పుస్తకాలను సొంత పిల్లలకే ఇవ్వాలని లేదు. తెలుగు చదవగలిగి, అచ్చు వేయించే శ్రద్ధ ఉన్న మేనల్లుడికో, శిష్యురాలికో పేరు పెట్టి రాసిస్తే చాలు. పొలానికీ ఇంటికీ వీలునామా రాసే రోజున ఆ నోటు పుస్తకాల కోసం కూడా ఒక వాక్యం చేర్చమని లాయర్‌కు చెప్పవచ్చు.